టీవీ గేముకు ఆయం చూసిన ఆచారి

ఫ్లెక్సీలో ఆయనను నేను మొదట గుర్తుపట్టలేదు. ఫోటోలో రెండు కళ్ళూ తెరిచి ఉన్నాడు మరి.

కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా, ఒక కాలేజీ అడ్మిషన్ల బోర్డుకూ ఎవరో నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలకూ మధ్య ఇరికించి కట్టారు దాన్ని. వెనక మబ్బులు, మబ్బుల్లో ఒక గోపురం, గోపురం ముందు నడుము వరకు ఈయన. అంత దట్టమైన మబ్బులు మా వైపు ఫ్లెక్సీల్లోనే కనబడతాయి. కింద 'వాస్తుబ్రహ్మ, దారుశిల్పి' అని బిరుదులు, 'అశ్రునయనాలతో' అని కొడుకులు, మనవళ్ళు, ఒక టైల్స్ షాపు. షేర్ ఆటో దిగి, చిల్లర దగ్గర డ్రైవరుతో తకరారు పడుతూ తలెత్తి చూశాను. ఎక్కడో చూసిన మొహమే. ఎందుకో బొటనవేలు చాచి, ఆ బొమ్మలో ఎడమకన్ను కనబడకుండా అడ్డం పెట్టి చూశాను. ఇంకేముంది, మా ఆచారి. డ్రైవరు ఆ సందులో చిల్లర ఎగ్గొట్టి వెళ్ళిపోయాడు. చనిపోయాక కూడా ఆయన వల్ల నాకు ఎంతో కొంత నష్టం జరగాలన్నమాట.

పేరు రాయను. పేరు ఫ్లెక్సీకి తప్ప ఎవరికీ అవసరం పడలేదు. వడ్రంగం చేసే ఆచారులు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు కానీ, "ఆచారిని పిలవండప్పా" అంటే ఈయన ఒక్కడే వచ్చేవాడు.

పలక వంకర ఉందో లేదో చూసుకోవడానికి వడ్రంగులందరూ ఒక కన్ను మూస్తారు. పని అయిపోగానే తెరుస్తారు. ఈయన తెరవడం మానేశాడు. పలకను ఎట్లా చూస్తాడో మనిషినీ అట్లాగే, కొస నుంచి కొస వరకు చూసేవాడు. ఎదురుగా ఉన్నవాడు తనకు తెలియకుండానే నడుము నిటారు చేసుకునేవాడు. ఒకసారి ఎవరో పెళ్ళిచూపులకు తోడు తీసుకుపోయి, పిల్ల ఎట్లా ఉందని ఈయనను అడిగారట. "పిల్ల నేరుగా ఉండాది. వాళ్ళ నాయనే రవ్వంత వంగినాడు, ఎండలో పెడితే సర్దుకుంటాడు" అన్నాడట. నిజమో కాదో తెలియదు. ఇట్లాంటివి పుట్టించడానికి మా బజారుకు పొడుగాటి ఎండాకాలం మధ్యాహ్నాలు ఉండేవి.

ఏ ఇంటికి పోయినా లోపల అడుగు పెట్టే ముందు ఆగి, తలెత్తి ద్వారబంధం పై చెక్కను చూసి, నాలుకతో 'చ్చ్' అనేవాడు. ఇంకొక్క మాట ఉండదు. లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి, వచ్చిన పని చూసుకుని పోయేవాడు. ఆ ఇంటి ఆడవాళ్ళకు మాత్రం ఆ పూట అన్నం సహించేది కాదు. మర్నాడో మూడోనాడో ఇంటాయన వెతుక్కుంటూ వచ్చి, మొన్న మా వాకిలి చూసి ఏదో అన్నావంట అని మొదలుపెట్టేవాడు. నేనేమీ అనలేదే అనేవాడు ఆచారి. అది నిజం కూడాను. మా నాయన తన కిరాణా కొట్టులో నోరు నొప్పి పుట్టేదాకా సరుకు గొప్ప చెప్పినా రాని గిరాకీని ఈయన ఒక నాలుక చప్పుడుతో తెచ్చుకునేవాడు.

ఆ ఏళ్ళలో మా వైపు కొత్త ఇల్లు కట్టే మొనగాడు లేడు. చెనిక్కాయ వేసినవాళ్ళకు విత్తనం కూడా తిరిగి రాలేదు. బోరు మీద బోరు వేసి, తెల్లటి దుమ్ము తప్ప ఏదీ బయటికి రాక, రైతులు చివరికి బోరు లారీని పంపించేసి ఆచారిని పిలిపించేవాళ్ళు. ఇంకొక బోరు వేయించడం కన్నా ఇంటి వాకిలి మార్చడం చవక. తూర్పు వాకిలి ఉత్తరానికి, ఉత్తరపు వాకిలి తూర్పుకు. మా చుట్టుపక్కల పల్లెల్లో వాకిళ్ళు తిరిగినంతగా గానుగెద్దులు కూడా తిరిగి ఉండవు. నల్లమాడ వైపు ఒక పల్లెలో, ఈయన వాకిలి మార్చిన కొన్నాళ్ళకు, బోరులో నిజంగానే నీళ్ళు పడ్డాయి. ఆ ఒక్క బోరు ఆయనను చాలా ఏళ్ళు బతికించింది. నీళ్ళు పడని వాకిళ్ళ లెక్క ఎవరూ తీయలేదు. తీయవలసినవాళ్ళు ఆ వాకిళ్ళ యజమానులు. వాళ్ళకు అప్పటికే సిగ్గు.

వాకిలి పెట్టాలన్నా మార్చాలన్నా ఆయన ముందు చూసేది ఆయం. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పొడవునూ వెడల్పునూ గుణించి, ఎనిమిదితో భాగించి, మిగిలినదాన్ని బట్టి ఆ కొలతకు ఒక పేరు పెడతారు. జెండా, సింహం, ఎద్దు, ఏనుగు వస్తే మంచిది. పొగ, కుక్క, గాడిద, కాకి వస్తే చెడ్డది. ఇంటి యజమాని నక్షత్రం ఏదో అందులో కలుస్తుంది కూడా. ఆ లెక్కను ఆచారి నోట్లోనే గొణుక్కుంటూ చేసేవాడు. చెవి మీద పెన్సిలు ఎప్పుడూ ఉండేది కానీ దాన్ని కిందికి దించగా నేను చూడలేదు.

ఇంతకూ ఆయన చేతిలో నేను పడిన కథ చెప్పాలి.

అప్పటికి నాకు డిగ్రీ అయిపోయింది, ఇంకేమీ కాలేదు. బెంగుళూరులో పెద్దమ్మ కొడుకు పెళ్ళికి పోయి, అక్కడి బజారులో నిలబడి ఆడే వీడియో గేము యంత్రం చూశాను. బీరువా అంత పెట్టె, అందులో టీవీ, ముందు కర్రా మీటలూ. పిల్లలు వరసలో నిలబడి రూపాయలు వేస్తున్నారు, ఆడుతున్నారు, ఓడిపోతున్నారు, మళ్ళీ వేస్తున్నారు. శెట్టి కడుపున పుట్టినవాడికి అది కైలాసం కనబడినట్టే. తూకం లేదు, తరుగు లేదు, అరువు లేదు. పైగా కొన్నవాడు ఇంటికి ఏమీ పట్టుకుపోడు. ఇంతకన్నా గొప్ప సరుకు మా వంశంలో ఎవరూ అమ్మి ఉండరు.

అసలు యంత్రం ధర విన్నాక, మనమే చేసుకుంటే పోలేదా అనుకున్నాను. పాత కలర్ టీవీ ఒకటి, చైనా గేము పెట్టె ఒకటి బేరమాడి తెచ్చాను. మీటలకు కాలింగ్ బెల్ స్విచ్‌లు. రూపాయి వేసే చీలిక కింద ఒక రేకు డబ్బా. రూపాయి పడితే ఠంగుమంటుంది, అప్పుడు నేను గల్లా దగ్గర నుంచి స్విచ్ వేయాలి. బెంగుళూరులో ఆ పని కంప్యూటరు చేస్తుంది. మా దాంట్లో కంప్యూటరు నేనే.

చోటు కోసం నాయనతో బేరం పెట్టాను. కొట్టు ముందు మూలలో రెండు బస్తాల జాగా, ఎండాకాలం సెలవులు అయ్యేదాకా. అది నడిస్తే నా దారి నాది. నడవకపోతే తాడిపత్రి. అక్కడ మా మామకు బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. నమ్మకమైన మనిషి ఒకడు కావాలని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. నమ్మకమైన మనిషి అంటే జీతం అడగని మనిషి. నేను ఒకసారి పోయి చూసి వచ్చాను. రాళ్ళు కోసే రంపాల మోతలో మనిషి మాట మనిషికి వినబడదు; చేతులతో, తలలతో చెప్పుకుంటారు. కనుబొమ్మల మీద దుమ్ము. నాకు పుట్టుకతో వచ్చిన విద్య ఒక్కటే, నోటితో బేరం చేయడం. అది చెల్లని ఊరు ఈ భూమి మీద ఉందంటే అది ఆ ఫ్యాక్టరీయే. అక్కడికి పోకుండా ఉండాలంటే సెలవులు మొదలయ్యే లోపల నాకు చెక్కపెట్టె తయారు కావాలి.

ఆచారిని పిలిపించాను. మా బజారులో నా బేరానికి పేరుంది. కొత్తిమీర కట్టకు కూడా అర్ధగంట నిలబడతానని అమ్మేవాళ్ళు నన్ను చూసి బుట్ట మీద గుడ్డ కప్పేవాళ్ళు. కూలి ఎంత అని అడిగితే ఆచారి "నీకు తోచింది ఇయ్యి చిన్నశెట్టీ" అన్నాడు. బేరగాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. గోడ ఉందనుకుని భుజం పెట్టి తోస్తే అవతల ఏమీ లేనట్టుంటుంది. నాకు తోచింది నాకే తక్కువ అనిపించి, నేనే పెంచి, మళ్ళీ నేనే పెంచి, చివరికి ఎవరూ అడగనంత ఒప్పుకున్నాను. ఆయన వింటూ కూర్చున్నాడు.

తరువాత గేము చూపించమన్నాడు. గల్లాపెట్టె మీద టీవీ పెట్టి చూపించాను. తెర మీద బొమ్మమనిషి పరిగెత్తాడు, గెంతాడు, గుంతలో పడ్డాడు, లేచి మళ్ళీ పరిగెత్తాడు. ఆచారి కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"వీడు ఎప్పుడూ ఈడనే ఉంటాడా?"

"ఉంటాడన్నా."

"కరెంటు పోతే?"

"అప్పుడూ లోపలనే ఉంటాడు. కనపడడు, అంతే."

"ఎండకూ వానకూ యాడికీ పోడు?"

"యాడికి పోతాడన్నా, వాడికి ఇంకేముండాది?"

"అయితే ఇది పెట్టె కాదు చిన్నశెట్టీ" అన్నాడు. "ఇల్లు."

నేను నవ్వాను. నవ్వకుండా అప్పుడే లేచి ఇంకొక ఆచారి దగ్గరికి పోయి ఉండాల్సింది.

ఇల్లు కాబట్టి మంచిరోజు చూసి మొదలుపెట్టాలి. ఇల్లు కాబట్టి అమావాస్య దగ్గర పని చేయకూడదు. వేపచెక్కే వాడాలి, అందులోనూ పిడుగు పడిన చెట్టుది కాకూడదు. చివరికి కొట్టు ముందరే కూర్చుని రంపం పట్టాడు. పని చేస్తున్నంతసేపు ఆయన చుట్టూ పది మంది. ఏమి చేస్తున్నావని ఎవరు అడిగినా "చిన్నశెట్టి ఇల్లు కడుతున్నాడు" అని చెప్పేవాడు. బజారులో ఇద్దరు ముగ్గురు నాకు పెళ్ళి కుదిరిందనుకుని నాయనను అడిగి పోయారు కూడా.

పెట్టె అయింది. నున్నగా, నలుచదరంగా, బెంగుళూరు దాని కన్నా బాగుంది. టీవీ ఎత్తి అందులో పెట్టబోతే పట్టలేదు. రెండు వేళ్ళ తేడా.

"టీవీ పెద్దదైంది" అన్నాడు ఆచారి, ఎదిగిన పిల్లవాడికి చొక్కా పట్టలేదన్నట్టు.

"నువ్వే కదన్నా కొలుచుకుంటివి?"

"కొలిచినా. కొలత వచ్చింది, ఆయం రాలే. టీవీకి సరిపెడితే గాడిద వస్తాది. గాడిద ఇంట్లో ఎవడన్నా ఉంటాడా? రవ్వంత తగ్గించి ఎద్దుకు తెచ్చినా."

"మరి టీవీ ఎట్ల పెట్టాల?"

టీవీని కొస నుంచి కొసకు చూశాడు. అంచు మీద వేలితో కొట్టి, ఆ నల్ల ప్లాస్టిక్ అంచు ఎందుకని అడిగాడు. అందం కోసం అన్నాను. అయితే చిత్రిక పడితే దిగుతుందన్నాడు. నేను చిత్రికకూ టీవీకీ మధ్యన నిలబడ్డాను.

ఇక అక్కడ మొదలైంది బేరం. నా జీవితంలో చాలా బేరాలు చేశాను కానీ జంతువులతో చేసింది అదొక్కటే. రవ్వంత పెంచమన్నాను. గాడిద అన్నాడు. రవ్వంత కాదు, ఇంకొంచెం పెంచమన్నాను. ఏనుగు అన్నాడు. ఏనుగు మంచిదే కదా అన్నాను. మంచిదే, వ్యాపారానికి అంతకు మించింది లేదు, కానీ ఏనుగు అంటే వెడల్పు ఒక్కటే పెంచితే కాదు, దానికి తగ్గ ఎత్తూ లోతూ ఉండాలన్నాడు.

"ఏనుగు తల తెచ్చి మేక మీద పెడతామా?"

"కూలి పెరుగుతాదా?"

"కూలి అదే. చెక్కే పెరుగుతాది."

చెక్క మాది. పాత గోడౌను కూల్చినప్పటి వేపదూలాలు పెరట్లో పడి ఉన్నాయి. అదే కూలికి రెండింతల వస్తువు వస్తుందంటే వద్దన్న శెట్టి మా ఇంటి పేరు గలవాళ్ళలో ఇంతవరకు పుట్టలేదు. ఏనుగుకే సరే అన్నాను.

ఏనుగు లేచింది. మా కొట్టు వాకిలి కన్నా ఎత్తు. టీవీ దాని మధ్యలో, పెద్ద గోడ మీద బల్లి కన్నులాగా ఉంది. పిల్లలకు మీటలు అందవని కింద ఒక మెట్టు పెట్టాడు. దాన్ని గడప అన్నాడు, పసుపు రాశాడు, చెప్పులు వేసుకుని ఎక్కకూడదన్నాడు. ఆడే కర్రకు ఉయ్యాల గుబ్బలాంటిది తొడిగాడు. ఇంత చేశాక దిక్కు దగ్గర ఆగాడు. ఇంటి ముఖం తూర్పుకే ఉండాలి. మా కొట్టు పడమటి ముఖం. అంటే గేము కొట్టు లోపలికి తిరిగి ఉంటుంది, వీధిలో పోయే పిల్లలకు దాని వీపు కనబడుతుంది. నేను నెత్తి కొట్టుకున్నాను. వీధికి వీపు మొండిగా ఉంటే బాగుండదని ఆయనకూ అనిపించి, కూలి లేకుండా ఆ వీపంతా చెక్కాడు. రెండు చిలుకలు, అరటి గెలలు, మధ్యన లక్ష్మీదేవి, ఇరువైపులా ఏనుగులు. పని గొప్పది, అబద్ధం చెప్పను. సంతకు వచ్చే పల్లె ఆడవాళ్ళు ఆగి, చెప్పులు విడిచి, కళ్ళకద్దుకుని పోయేవాళ్ళు. వెనక వైపు దండాలు, ముందు వైపు చావులు.

సెలవులకు రెండు రోజుల ముందు గృహప్రవేశం. ఆవు కొట్టులోకి రానంటే దూరం నుంచే చూపించాం. పాలు పొంగించాం. ఇల్లు కట్టినవాడికి బట్టలు పెట్టాలి కాబట్టి పంచె పెట్టాను. మొదటి ఆట ఆచారిదే. గడప ఎక్కి, రెండు చేతులతో కర్ర పట్టుకుని, బొమ్మమనిషి గెంతినప్పుడల్లా తనూ మడమలెత్తాడు. మొదటి గుంతలోనే పడ్డాడు. మళ్ళీ ఆడాడు, అదే గుంత. మూడోసారి కూడా అందులోనే పడ్డాక, కర్ర వదిలేసి, ఎటు తూర్పో ఎటు పడమరో చేత్తో చూసుకుని, మా వైపు తిరిగాడు.

"గుంత నైరుతిలో తవ్వినారు. వీడు చావక ఏం చేస్తాడు?"

ఆ ఎండాకాలం నాకు తెలిసివచ్చినవి రెండు. ఒకటి, మా ఊరి కరెంటు. పిల్లలకు సెలవులు ఇచ్చిన మధ్యాహ్నాలే దానికీ సెలవులు. రెండోది, ఏనుగు ముఖానికీ కొట్టు వెనక గోడకూ మధ్య ఏర్పడిన సందు. అది నాయన కంట్లో పడని సందు. అక్కడే బెల్లం దిమ్మెలు, వేయించిన పప్పుల బస్తా, బొరుగుల మూట. కరెంటు పోతే పిల్లలు ఇంటికి పోరు. వస్తుందేమోనని అక్కడే నిలబడతారు. నిలబడిన పిల్లలు నములుతారు. రూపాయి వేసి ఆడినవాడు రెండు రూపాయల పప్పులు జేబులో పోసుకుని పోయేవాడు. వ్యాపారంలో దీన్ని ఏమంటారో మా నాయనకు బాగా తెలుసు.

ఆచారి రోజూ సాయంత్రం వచ్చి, ఇల్లు ఎట్లా ఉందో చూసి పోయేవాడు. ఒకరోజు కరెంటు లేదు, పిల్లలూ లేరు. ఇద్దరం ఆ గడప మీద కూర్చున్నాం. నిజం చెప్పమన్నాను. ఆయం బాగుంటే బోరులో నీళ్ళు పడతాయా?

ఆచారి రెండో కన్ను కూడా తెరిచాడు.

"భూమిలో లేకుంటే యాడ నుంచి పడతాయి చిన్నశెట్టీ?"

"మరి ఇంతమంది వాకిళ్ళు పీకి పెడ్తివి కదా?"

"బోరు ఎండిపోయినాక రైతు ఇంట్లో గమ్మున కుచ్చోలేడప్పా. ఎవరినో ఒకరిని అనాల. పెండ్లాన్ని అంటాడు. లేకుంటే తనను తానే అనుకుంటాడు, అది ఇంకా చెడ్డది, అట్ల అనుకున్నోళ్ళు ఏమైనారో నీకూ తెలుసు. వాకిలిని అంటే వాకిలి ఏమనుకోదు."

వాకిలి ఏమనుకోదు, కూలి మాత్రం నువ్వు తీసుకుంటావు అన్నాను. తీసుకోకుంటే వాళ్ళు నమ్మరు అన్నాడు. మా కొట్టులో గల్లా పైన 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఒక బోర్డు ఉండేది. ఆచారి అట్లాంటి బోర్డును మెడలో వేసుకుని తిరుగుతున్నాడని ఆ సాయంత్రం నాకు అర్థమైంది. కొంచెం అసూయ కూడా కలిగింది.

సెలవులు అయిపోవస్తుండగా నాయన బెల్లం దిమ్మె ఒకటి జరపబోయాడు. అది చేతిలో తేలిపోయింది. ముందు నుంచి చూస్తే దిమ్మె, వెనక గుహ. మూడు దిమ్మెలూ అంతే. నన్ను ఒక్క మాట అనకుండా ఆచారికి కబురు పెట్టాడు. ఆయన రాగానే దిమ్మెను తిప్పి చూపించాడు.

"ఏమప్పా ఆచారీ, నీ ఏనుగు నా బెల్లం తినింది."

ఇరుగుపొరుగు కొట్లవాళ్ళు చేరారు. ఆచారి పద్ధతి నాకు తెలుసు. ఆయం సరిగ్గా ఉంది కాబట్టి పెట్టెది తప్పు కాదు. పెట్టెది కాకపోతే ఇక మిగిలింది దాని యజమాని, అంటే నా జాతకం. ఆ ఒక్క మాట అంటే ఆయన పేరు నిలబడుతుంది, నేను రంపాల మోతలోకి పోతాను. ఆచారి పెట్టె చుట్టూ తిరిగాడు. నన్ను కొస నుంచి కొసకు చూశాడు.

"ఇంట్లో దోషం లేదు శెట్టీ. పిల్లోనిలో అంతకన్నా లేదు. నీ కొట్టు వాకిట్లో ఉండాది. ఒక మూర ఉత్తరానికి జరిపితే అన్నీ సర్దుకుంటాయి. పిల్లోడు ఈడనే ఉంటే నీకు కలిసొస్తాది, యాడికీ పంపొద్దు."

బజారు మొత్తం వాకిలి వైపు చూసింది. ఊరందరి వాకిళ్ళూ తిరిగాయి, ఇక మాదీ తిరుగుతుందని అందరికీ నమ్మకం కుదిరింది. నాకూ కుదిరింది. ఆ వాకిలి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

నాయన కోప్పడలేదు. ఎన్నాళ్ళు కొట్టు మూయాలని అడిగాడు. ఆచారి చెప్పాడు. గోడ పగలగొట్టాలా అని అడిగాడు. కొంచెం అన్నాడు ఆచారి. సిమెంటు ఎవరిది, పక్క కొట్టువాడి అరుగు అడ్డం వస్తే వాడికి ఎవరు చెప్పాలి, పాత చెక్కకు ఏమైనా వస్తుందా, ఒక్కొక్కటే అడిగాడు. అన్నిటికీ జవాబులు విని, నోట్లో లెక్క వేసుకున్నాడు. ఆ లెక్కలో జంతువులు లేవు. వాకిలి వైపు ఒకసారి చూశాడు, నా వైపు ఒకసారి చూశాడు. రెండింటి ధరా పోల్చుకునే చూపు. సరుకు కొనేటప్పుడు ఆ చూపు ఆయనలో వేలసార్లు చూశాను.

"తాడిపత్రికి బస్సు ఎన్నిటికి ఉండాది?" అన్నాడు.

నేను బట్టల పెట్టె సర్దుకునే లోపలే నాయన టీవీ దించేసి, ఏనుగు కడుపులో అరలు కొట్టించి, వీపును వీధికీ అరలను గిరాకీకీ ఉంచి, సబ్బులూ అగరుబత్తులూ పేర్చాడు. లక్ష్మీదేవిని చూసి లోపలికి వచ్చినవాళ్ళు సబ్బు కొనకుండా పోయేవాళ్ళు కారని తరువాత విన్నాను. ఏనుగు వ్యాపారానికి మంచిదని ఆచారి చెప్పిన మాట అబద్ధం కాలేదు, నా వ్యాపారమని ఆయన ఎక్కడా చెప్పలేదు కదా.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆచారి పనిముట్ల సంచి భుజాన వేసుకుని బస్టాండుకు వచ్చాడు. ఏదో పల్లెకు పోతున్నాడనుకున్నాను. సంచి కింద పెట్టి, నా కిటికీ కింద నిలబడ్డాడు. కండక్టరు విజిల్ వేసేదాకా ఆగి అన్నాడు.

"నీకోసమే వాకిలిని అంటి చిన్నశెట్టీ."

"తెలుసన్నా."

"బోరులో చుక్క లేని రైతులు కూడా అప్పు తెచ్చి మారుస్తారు. దుడ్లున్న మనిషి, కొడుకు కోసం మార్చడా అనుకుంటి." రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి, ఇంత అన్నట్టు చాపాడు. ఆ చేతుల మధ్య చూసుకున్నాడు. మెల్లగా దగ్గరికి తెచ్చాడు. "మీ నాయన దగ్గర కొలత తప్పినా" అన్నాడు.

బస్సు కదిలింది. ఎంత ఎక్కువ కొలిచావని నేను అడగలేదు. అడిగి ఉంటే అంగుళాలతో సహా చెప్పే మనిషి.